పదకొండు వేల సార్లు ఒకే టోకెన్

మార్చి తొమ్మిదో తేదీ, సోమవారం. ఆ మధ్యాహ్నం మాస్టారు తిన్నది కాల్చిన రొట్టె ముక్కలు రెండు, ఉడికించిన గుడ్డు ఒకటి, అత్తయ్య ఒలిచి పళ్లెంలో పెట్టిన నారింజ తొనలు ఆరు. తిని, చెయ్యి కడుక్కుని, గదిలోకి వెళ్లి ఆస్పత్రి వెబ్‌సైటు పరీక్ష నివేదిక కింద సంతకం పెట్టారు. లోపాలు: సున్నా. ఆ సున్నాను చూసుకుని కాస్త మురిసిపోయారు కూడా. తారీఖు ఇంత కచ్చితంగా గుర్తుండిపోవడానికి ఆ మురిపెమే కారణం.

కిందటి వారం మనం ఆయన్ని వదిలింది ఆ సంతకానికి పదిరోజుల తర్వాత, గురువారం మధ్యాహ్నం, ఫోను మోగుతుండగా. ఇరవై ఏళ్లు కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పి, అది మానేశాక వెబ్‌సైట్లను దొంగ కంటితో చూసి, ఎక్కడ కన్నం పడుతుందో చెప్పే పనిలోకి దిగిన మనిషి. పాఠాలు పోయినా మాస్టారనే పిలుపు పోలేదు. భార్య పోయి రెండేళ్లు. ఆమె తల్లి ఆయన దగ్గరే ఉండిపోయింది. "మీరు పొమ్మంటే పోతాను బాబూ" అని ఒకసారి అంది. ఆయన పొమ్మనలేదు, ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. భార్యకు పద్నాలుగు నెలలు వైద్యం చేసిన ఆస్పత్రే, రోగులు తమ రిపోర్టులు ఇంట్లో కూర్చుని చూసుకునేలా ఒక వెబ్‌సైటు కట్టించుకుంది. శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి దాన్ని తెరుస్తారు. మాస్టారి సంతకాన్ని నమ్ముకునే తెరుస్తారు.

ఫోను చేసింది సిస్టర్.

"మాస్టారూ, ఒక్కసారి వస్తారా? ఫోన్లో తేలే సంగతి కాదు."

ఆ వెబ్‌సైటు కట్టింది ఆవిడే. పద్దెనిమిదేళ్లు వార్డులో నర్సుగా చేసి, నడుం పట్టేశాక ఈ విద్య నేర్చుకుంది. ఆవిడ గది రెండో అంతస్తులో, దుప్పట్లు భద్రపరిచే గది పక్కన. ఎప్పుడు వెళ్లినా ఉతికిన గుడ్డల వాసన. పనిముట్లు తోసుకెళ్లే పాత బండి మీద ప్రింటరు పెట్టుకుంది. ఒక చక్రం ఊడితే దానికింద మందు డబ్బా ఒకటి ఎత్తుగా పెట్టింది.

"కూర్చోండి. ముందు మంచినీళ్లు తాగండి."

"అయితే పెద్ద సంగతేనన్నమాట."

"చెడ్డ కబురు చెప్పేముందు మనిషిని కూర్చోబెట్టాలి. వార్డు నేర్పిన అలవాటు," అని ఆవిడ తెరను ఆయన వైపు తిప్పింది.

తెర మీద ఉన్నది లాగ్. అంటే వెబ్‌సైటు తనకు తానే రాసుకునే రాకపోకల పుస్తకం. ఎవరు వచ్చారు, ఏమడిగారు, ఏం జవాబిచ్చాం, ఒక్కొక్కరికి ఒక్కొక్క లైను. మాస్టారి స్కానరు, అంటే ఆయన తరఫున వెబ్‌సైటును ప్రశ్నలతో తట్టి చూసే మెషీను, వచ్చిన రోజు లైన్లు బారులు తీరి ఉన్నాయి. పదకొండు వేల నాలుగువందల అరవై రెండు ప్రశ్నలు.

"నిన్న తోచక చదువుతూ కూర్చున్నాను," అంది సిస్టర్. "ఇదిగో, ఈ నిలువు గడి చూడండి. పైనుంచి కిందికి."

టోకెన్ల గడి అది. ఆ వెబ్‌సైటు ఒక పద్ధతి పెట్టుకుంది. ఏ పేజీ తెరిచినా దాంతోపాటు కనబడకుండా ఒక టోకెను చేతికిస్తుంది. తర్వాత ఏదడిగినా ఆ టోకెను చూపించాలి. ఒకసారి చూపించాక అది చెల్లదు, కొత్త పేజీతో కొత్త టోకెను వస్తుంది. దారినపోయేవాడు ఇంకొకరి పేరు చెప్పి లోపల పనులు చక్కబెట్టుకోకుండా ఈ జాగ్రత్త. పేజీ పేజీకి మారాల్సిన ఆ అంకెలు, అక్షరాలు, మాస్టారి లైన్లలో మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. అంకెలేమీ మారలేదు.

"పొద్దున లాగిన్ అయినప్పుడు ఇచ్చిన టోకెను ఇది," అంది ఆవిడ. "మీ మెషీను సాయంత్రం దాకా అదొక్కటే పట్టుకుని తిరిగింది. మొదటి ప్రశ్నకి చెల్లింది. తర్వాత ఒక్కదానికీ చెల్లలేదు."

"అలాగైతే మీ సర్వరు కాదనాలి కదా. ప్రతి లైను చివరా రెండు వందలు అని ఉంది చూడండి. అంతా సవ్యంగా ఉందనేగా దానర్థం?"

"సవ్యంగానే పంపింది. ఏం పంపిందో చూస్తారా?"

ఆవిడ ఒక లైను మీద నొక్కింది. తెల్లని పేజీ, లేత నీలం అక్షరాలు. *మీకు కాస్త ఆలస్యమైంది, అంతే. కంగారు పడకండి. మీ కాగితాలు భద్రంగా ఉన్నాయి. మళ్లీ లోపలికి రావడానికి ఇక్కడ నొక్కండి.*

మాస్టారు రెండుసార్లు చదివారు. పొమ్మనే మాటను ఇంత మెత్తగా చెప్పిన వెబ్‌సైటును ఆయన ఇన్నేళ్లలో చూడలేదు.

"ఎవరు రాశారిది?"

"నేనే. పెద్దవాళ్లు ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టేసరికి టైమైపోతుంది. అప్పుడు ఎర్రటి అక్షరాలతో తప్పు, తప్పు అని మీద పడితే ఇంకేముంది, బీపీ చూడ్డానికి మళ్లీ మా దగ్గరికే రావాలి."

"సరే. కానీ నా మెషీను అంత అమాయకురాలేం కాదు సిస్టర్. లోపలుందో బయటుందో తెలుసుకోవడానికి దానికో గుర్తు చెప్పి పెట్టాను. పైన కుడి మూల 'బయటికి' అనే బటను కనిపిస్తున్నంతసేపు లోపలున్నట్టే అని."

సిస్టర్ తెర దగ్గరికి వంగింది. ఆ నీలం అక్షరాల పేజీ మీద, పైన, కుడి మూలకి వేలు తీసుకెళ్లి పెట్టింది.

'బయటికి.'

"పై పట్టీ అన్ని పేజీల్లోనూ ఒకేలా ఉంచాను," అంది, తప్పు తనదే అన్నంత చిన్నగా. "లేకపోతే ఎక్కడికో వచ్చిపడ్డామని బెదిరిపోతారు."

పదకొండు వేల నాలుగువందల అరవై ఒక్కసార్లు ఆయన మెషీను గుమ్మంలో నిలబడింది. ఆవిడ మర్యాదగా పొమ్మంది. అది ఆ పొమ్మన్న పేజీనే తిప్పి తిప్పి తట్టి చూసి, ఎక్కడా పగులు లేదని రాసుకొచ్చింది. ఆయన కింద సంతకం పెట్టారు. లోపలి గదుల్లోకి ఎవరూ తొంగి కూడా చూడలేదు.

"ఎలా పట్టుకున్నారు మీరు దీన్ని?" అడిగారు మాస్టారు.

"ఛార్టులు చూసే కన్ను మాస్టారూ. గంట గంటకీ ఒకే జ్వరం రాసి ఉందనుకోండి, రోగి కుదురుగా ఉన్నాడని కాదు. నర్సు కొలవలేదని."

ఆయనకు నవ్వొచ్చింది. సిగ్గు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి రావడం వల్ల దగ్గు వచ్చింది. సిస్టర్ గ్లాసు ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"పెద్ద డాక్టరమ్మకి చెప్పారా?"

"లేదు. చెప్పాల్సింది మీరు కదా."

ఆ ఒక్క మాటకి మాస్టారు ఆవిడకి ఎంత రుణపడ్డారో ఆవిడకి తెలియదు. ఆయన తప్పును ఆవిడ పట్టుకుంది, పట్టుకుని తీసుకొచ్చి ఆయన చేతిలోనే పెట్టింది. ఎవరికి ముందు చెప్పాలో తెలిసిన మనుషులు ఇంకా ఉన్నారు లోకంలో.

పెద్ద డాక్టరమ్మ గది వరండా చివర. ఆవిడ రేపటి సందేశం చదువుకుంటోంది. నాలుగు వేల మంది రోగులకి పొద్దున తొమ్మిదింటికి వెళ్లాల్సిన సందేశం. మాస్టారు నీళ్లు నమలకుండా ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆవిడ ముఖం గంటుపెట్టుకుంది.

"మీ సంతకం చూసే కదా నేను అందరికీ మాటిచ్చాను? ఇప్పుడొచ్చి టోకెనులో ఏదో తేడా అంటే ఎలా? నాకర్థమయ్యేలా చెప్పండి. ఎంత పెద్ద తప్పు?"

మాస్టారు ఆలోచించారు. "రక్తం తీయకుండా ఖాళీ సీసా పరీక్షించి, జబ్బేమీ లేదని రాసిచ్చానండి."

ఆవిడ కలం పక్కన పెట్టింది.

"ఎవరు కనిపెట్టారు?"

"సిస్టర్."

"మీరే కనిపెట్టినట్టు చెప్పినా నాకు తెలిసేది కాదు."

"తెలిసేది కాదండి."

"ఊఁ," అని ఆవిడ సొరుగు లాగి, తొమ్మిదో తేదీ నివేదిక తీసి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చింపింది. "రేపు ఎనిమిదిన్నరకి నా టేబులు మీద రెండు జవాబులుండాలి. లోపల కన్నాలున్నాయా అన్నది ఒకటి. ఉంటే, ఈ పదిరోజుల్లో వాటిలోంచి ఎవరైనా దూరారా అన్నది రెండోది. రెండో జవాబు పేరుతో సహా కావాలి. అప్పుడు చెప్తాను తెరుస్తానో లేదో. వెళ్లండి, టైము పోతోంది."

చీవాట్లు పడతాయని వెళ్లిన మనిషికి పని దొరికింది. అంతకన్నా ఏం కావాలి?

సిస్టర్ గదిలోనే కూర్చుని మాస్టారు స్కానరుకి మళ్లీ ఓనమాలు దిద్దించారు. ఏ ప్రశ్న అడిగే ముందైనా మనిషిలాగా ముందు పేజీ తెరవాలి. అందులో ఇచ్చిన కొత్త టోకెను తీసుకోవాలి. అది జతచేసి అప్పుడు అడగాలి. మళ్లీ ప్రశ్నకి మళ్లీ టోకెను. ఒకేసారి పది ప్రశ్నలు వదిలితే ఒకదాని టోకెను ఇంకొకటి చెల్లకుండా చేస్తుంది కాబట్టి ఒకదాని వెనకే ఒకటి, వరసలో. లోపలున్నాననడానికి గుర్తు కూడా మార్చారు. బటను కాదు, లాగిన్ అయిన రోగి నంబరు పేజీలో కనబడితేనే లోపలున్నట్టు. అది కనబడని మరుక్షణం ఆగి, మళ్లీ లాగిన్ అవ్వాలి.

"పాపం, ముసలిదైపోయింది మీ మెషీను," అంది సిస్టర్, అది మెల్లగా కదలడం చూసి.

"ఇప్పుడే బుద్ధొచ్చింది దానికి. బుద్ధొస్తే ఎవరైనా నెమ్మదిస్తారు."

పరీక్ష కోసం సిస్టర్ మొదట్లోనే ఇద్దరు ఉత్తుత్తి రోగుల్ని పుట్టించి పెట్టింది. రోగి ఒకటి, రోగి రెండు. జబ్బులు కూడా ఆవిడే ఇచ్చింది, తేలికపాటివి. మూడు యాభైకి స్కానరు రోగి ఒకటి పేరుతో లాగిన్ అయి, పేజీ చిరునామాలో ఉన్న తన నంబరు తీసేసి, రోగి రెండు నంబరు పెట్టి అడిగింది. టోకెను కొత్తదే. వెబ్‌సైటు అభ్యంతరం చెప్పలేదు. రోగి రెండు కాలు బెణికిన కాగితం తెచ్చి చేతిలో పెట్టింది.

తెర మీద ఎర్రగీత పడింది. ఏ రోగి అయినా, ఎవరి నంబరైనా వేసి, వాళ్ల కాగితాలు చదువుకోవచ్చు. నాలుగు వేల మందివీ.

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు.

"ఎర్రగీత చూసి ఇంత స్తిమితపడ్డ మనిషిని మిమ్మల్నే చూస్తున్నాను," అంది సిస్టర్.

"ఇదే గీత రేపు పదింటికి పడి ఉంటే?"

ఆవిడ చీర చెంగు బిగించి పనిలో పడింది. కాగితం ఇచ్చేముందు, అడిగినవాళ్లూ కాగితం తాలూకు మనిషీ ఒకరేనా అని చూసుకోమని వెబ్‌సైటుకి నేర్పడానికి ఆవిడకి నలభై నిమిషాలు పట్టింది. మాస్టారు కొత్త టోకెన్లతో మళ్లీ తట్టారు. ఈసారి తెరుచుకోలేదు. మిగతా గదులన్నీ తట్టారు. అక్కడా తెరుచుకోలేదు. ఈ సున్నా మీద సంతకం పెట్టొచ్చు.

"మొదటి జవాబు వచ్చేసింది," అంది సిస్టర్. "ఇక రెండోది. ఒకరి లాగిన్ మీద ఇంకొకరి కాగితం వెళ్లిన లైన్లు ఏరితే సరి. ఇవాళ మీరు చేసినవి తప్ప ఏమీ ఉండకూడదు."

ఏరింది. ఇవాళ్టివి వచ్చాయి. వాటి కింద ఇంకో ఇరవై ఆరు లైన్లు వచ్చాయి.

ఇద్దరూ ముందుకి వంగారు.

"రోగి ఒకటి లాగినే," అంది ఆవిడ. "మీవా ఇవి?"

"కాదు. టోకెన్లు చూడండి, ఒక్కోటి ఒక్కోలా ఉంది. మెషీను కాదిది. లైనుకీ లైనుకీ మధ్య నాలుగేసి నిమిషాలు, ఐదేసి నిమిషాలు. ఎవరో కూర్చుని చదువుతున్నారు."

"అన్నీ ఒకే రోగివి. ఇంకెవరి జోలికీ పోలేదు." ఆవిడ ఆ రోగి నంబరు పెద్దది చేసింది. చేసి, ఆగిపోయింది. ఆ నంబరు తాలూకు పేరు పక్కనే ఉంది. ఇంటిపేరు మాస్టారిది.

పేరు దాకా మాస్టారి చూపు వెళ్లనేలేదు. పద్నాలుగు నెలలు ప్రతి సీసా మీదా, ప్రతి ఎక్స్‌రే కవరు మీదా చూసిన అంకెలవి. నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

తెరవకముందు ఆ వెబ్‌సైటు రెండు చోట్ల నుంచే అందుతుంది. ఒకటి ఆస్పత్రి. రెండోది పరీక్ష కోసమని సిస్టర్ అనుమతి ఇచ్చిన మాస్టారి ఇల్లు. ఇరవై ఆరు లైన్లూ రెండోచోటి నుంచి వచ్చినవే.

"రోజూ ఐదు దాటాక మొదలు, ఆరులోపు ఆఖరు," అంది సిస్టర్, తెర వైపే చూస్తూ. "ఆ టైములో మీరేం చేస్తారు మాస్టారూ?"

"నడకకి వెళ్తాను."

"ఇంట్లో?"

ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. ఆవిడ రెండోసారి అడగలేదు. అడక్కపోవడం కూడా ఒక ఉపకారమే.

"రేపు ఇది కూడా టేబులు మీద పెట్టాలి," చివరికి మాస్టారే అన్నారు. "పేరుతో సహా అన్నారు కదా."

"పెట్టాలి. ఆ పేరేదో పొద్దున చెప్దురుగాని. ముందు ఇంటికెళ్లి ఇంత తినండి. మధ్యాహ్నం నుంచి మంచినీళ్ల మీదున్నారు."

ఇంటికి చేరేసరికి ఏడున్నర. అత్తయ్య కూరగాయల సూపు వేడిచేసి పెట్టింది. ఆయనకిష్టమని మిరియాలు ఎక్కువేసింది. తనకి పడవని వేరే గిన్నెలో చప్పగా పోసుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన చెంచా గిన్నెలో తిప్పుతున్నారే గాని నోటి దాకా తేవడం లేదు.

"ఉప్పు ఎక్కువైందా బాబూ?"

"లేదత్తయ్యా. బావుంది." ఇంకో రెండు తిప్పులు తిప్పి, "నా టేబులు దీపం కింద ఒక కాగితం అంటించి ఉంటుంది. దాని మీద ఆస్పత్రి వెబ్‌సైటు లాగిన్ ఉంటుంది," అన్నారు.

ఆవిడ చెంచా కింద పెట్టింది. తప్పించుకునే మాట ఏదీ వెతుక్కోలేదు.

"చూశాను. మీరు నడకకి వెళ్లాక కూర్చునేదాన్ని. మొదట ఎవరిదో మోకాలినొప్పి కాగితం వచ్చింది. పైన నంబరుంది. ముప్పై ఏళ్లు లైబ్రరీలో కార్డులు రాసినదాన్ని, నంబరంటే నాకు భయమేముంది? అది తీసేసి అమ్మాయి నంబరు వేశాను. వచ్చేసింది."

పదకొండు వేల ప్రశ్నలకి దొరకనిది ఈవిడకి మొదటి ప్రశ్నకే దొరికింది. గుమ్మం తెరిచి, పేజీ అందుకుని, అది చదివి, అప్పుడు తర్వాతది అడిగింది కాబట్టి దొరికింది.

"నాకు చెప్పొచ్చు కదత్తయ్యా."

"చెప్తే మీరూ చదువుతారు. ముందు నేను చదివి, మీరు ఓర్చుకోగలరా లేదా చూద్దామనుకున్నాను."

రెండేళ్లుగా ఈ ఇంట్లో ఈవిడని తానే కనిపెట్టుకుని ఉంటున్నానని అనుకుంటున్నారాయన. నువ్వు అనమని ఎన్నిసార్లు చెప్పినా వినకుండా మీరు, మీరు అంటూ, ఆవిడే ఆయన్ని కాచుకుంటోంది.

"తప్పు పనే అత్తయ్యా అది," అన్నారు మెల్లగా. "అమ్మాయివే అయినా, అలా తీయకూడదు. రేపు పెద్ద డాక్టరమ్మకి మీ పేరు చెప్పాలి. చెప్పకుండా ఉండలేను."

"చెప్పకపోతే నేనే ఊరుకోను. మీ సంతకానికి నావల్ల మచ్చ ఎందుకు? ఎన్నింటికి?"

"ఎనిమిదిన్నరకి."

"నేనూ వస్తాను. ఆ బూడిదరంగు చీర ఇస్త్రీ చేసే ఉంది."

గిన్నెలు ఆవిడ కడిగింది, ఆయన తుడిచారు. రోజూ జరిగేదే. ఆరిన గ్లాసులు బోర్లించి, పొయ్యి గట్టు తుడిచి, ఆవిడ తన గది దాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగింది.

"ఇరవై ఆరో కాగితం ఆఖరిది. దాన్ని మీరెప్పుడైనా చూశారా?"

"లేదు. వాళ్లివ్వలేదు, నేనడగలేదు."

"అమ్మాయి పోయిన రోజు పొద్దుటి కాగితం. ఇక మందులు ఆపేస్తామని చెప్పాం, దగ్గరి బంధువు ఒప్పుకున్నారు అని రాసి, కింద సంతకం పెట్టించారు. మందులు ఆపేశారని నాకు అప్పుడే తెలుసు, ఒప్పుకున్నది మీరే అనుకున్నాను. రెండేళ్లూ మీరే ఒప్పుకున్నారని, ఆ బాధ మీలోనే దాచుకున్నారని అనుకుని నోరు మెదపలేదు."

"నన్నెవరూ అడగలేదత్తయ్యా. నా చేత ఏ సంతకమూ పెట్టించలేదు."

"తెలుసు. అది మీ చేతిరాత కాదు." ఆవిడ తలుపు గడియ మీద చెయ్యి వేసింది. "ఎవరిదో నేను గుర్తుపట్టాను. రేపు ఆ డాక్టరమ్మ ఎదురుగానే చెప్తాను, అప్పుడు విందురుగాని. ఇప్పుడు చెప్తే మీకు నిద్రుండదు. పడుకోండి బాబూ."

చప్పుడు కాకుండా ఆవిడ తలుపు దగ్గరికి వేసుకుంది.